ఇంకా జీవమున్నది

అయినా పొద్దున అది చావలేదు కదా, బ్యాటరీ తగ్గిందని కూత పెట్టింది, అంతే. కూత పెట్టడం వేరు, చావడం వేరు. ఆ తేడా ఈ సైటులో తనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు, ఇంజనీరు రామాంజనేయులు సారుకైనా చదివినంత మేరకే కదా తెలిసేది, అనుకుంటూ ఎల్లేశం ఏడో నంబరు వాకీటాకీ సెట్టును బల్ల మీద ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. దాని అంచుకు అంటిన సిమెంటును గోటితో గీకాడు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. సెట్టు నెత్తిన దీపం వెలగడం లేదు.

పొద్దున పదిగంటలకు అందరూ లిఫ్టు వైపు పరుగెత్తుతుంటే అతనొక్కడూ లిఫ్టును లాగే వించి షెడ్డు వైపు నడిచాడు. ఎందుకు నడిచాడో తనను తాను ఇంకా అడగలేదు. షెడ్డులో వించి నడిపే మల్లయ్య లేడు. వాకీటాకీ మేకుకు వేలాడుతోంది. మీట తిప్పే ఉంది, దీపం మాత్రం లేదు. ఎల్లేశం మీటను వెనక్కి తిప్పి, సెట్టును చంకలో పెట్టుకుని వచ్చేశాడు. మీట తిరిగినప్పుడు టిక్కుమన్న ఆ చిన్న చప్పుడు ఇంకా వేలి కొసన ఉన్నట్టే ఉంది.

మాదాపూర్‌లో గుండ్రటి టవరు దాటి లోపలికి పోతే వస్తుంది ఆ కట్టడం. ఐదంతస్తులు అయిపోయాయి, ఆరో స్లాబు శనివారమే పడింది. కింద మెట్ల చాటున ప్లైవుడ్ చెక్కలతో కట్టిన గది ఎల్లేశానిది. బల్ల మీద రెండు చార్జర్లు, పన్నెండు బ్యాటరీలు, ఒక్కోదాని వీపున తెల్లరంగుతో నంబరు. పై అరలో మూడు నాలుగు సెట్లు ఎప్పుడూ పెద్ద చప్పుడుతో బుస కొడుతూ ఉంటాయి. అవి పనిలో ఉన్నవి కావు. చంపడానికి పెట్టినవి.

ఆ పని నేర్పింది రామాంజనేయులు సారే. మొదట వచ్చిన బ్యాటరీలు నాలుగు నెలలకే పాడైతే, ఎక్కడో చదివి వచ్చి చెప్పాడు. "దీనికి జ్ఞాపకం ఉంటుందయ్యా ఎల్లేశం. సగం ఖాళీ అయినప్పుడు చార్జింగు పెట్టావనుకో, ఇక జన్మలో సగానికి మించి పనిచెయ్యదు. పూర్తిగా చావనిచ్చి, అప్పుడు పెట్టాలి." జ్ఞాపకం అన్న మాట ఎల్లేశం మనసులో బలంగా నాటుకుంది. అప్పటినుంచి ఏ సెట్టునూ సగంలో చార్జరు ఎక్కించలేదు. సాయంత్రం ఇంకా కొస ప్రాణంతో వచ్చినవాటిని అరలో పెట్టి, చప్పుడు పెంచి, బుస ఆగేదాకా వదిలేసేవాడు. ఈసారి బ్యాటరీలు పదకొండు నెలలుగా నడుస్తున్నాయి. బొంబాయి నుంచి పెద్దసార్లు వస్తే రామాంజనేయులు సారు ఈ గది ముందు ఆగి, "మా బ్యాటరీ డాక్టరండీ," అని చూపించేవాడు. శనివారం శనివారం తన సెల్‌ఫోను కూడా అతనికే ఇచ్చేవాడు, చంపి బతికించమని. ఆ ఫోను చేతిలో ఉన్నంతసేపూ ఎల్లేశం నడక కొంచెం నెమ్మదించేది.

వించి షెడ్డు నుంచి ఆరో అంతస్తు కనబడదు. మధ్యలో సెంట్రింగు కర్రలు, గోనెపట్టాలు. పైనున్న మేస్త్రీ సెట్టులో ఆపు అంటే కింద మల్లయ్య బ్రేకు వెయ్యాలి. ఐదో అంతస్తు దాకానైతే ఎక్కడ ఆపాలో తెలిసేలా తాడుకు ఎర్రరంగు గుర్తు ఉంది. ఆరోదానికి ఇంకా వెయ్యలేదు. మూడుసార్లు ఆపమన్నానని మేస్త్రీ ప్రమాణం చేస్తున్నాడు. లిఫ్టు ప్లాట్‌ఫారం ఆగలేదు. కాంక్రీటు ట్రాలీ పిడి అందుకోవడానికి చాపిన చెయ్యి ప్లాట్‌ఫారానికీ పైనున్న అడ్డకర్రకూ నడుమ పడింది. ఆ చెయ్యి చంద్రమ్మది. చంద్రమ్మ మల్లయ్య భార్య.

పొద్దున ఏడున్నరకు మల్లయ్య ఇదే గుమ్మంలో నిలబడి, ఏడో నంబరు చూపించాడు.

"నిన్న పొద్దూకంగనే కూతవెట్టిందన్నా ఇది. వేరేది ఇయ్యరాదే."

ఎల్లేశం దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. బరువు చూస్తున్నట్టు అరచేతిలో ఎగరేశాడు. "ఇంక జీవమున్నది. సచ్చినంక తీస్కరా."

"నువ్వు దాని పానం తీసేదాక ఇడువవు గదనే," అని నవ్వి మల్లయ్య వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి రామాంజనేయులు సారు వచ్చాడు. వెనకాల ఒక కానిస్టేబులు, ఆ వెనక చొక్కాకు రక్తపు మరకతో మల్లయ్య. సెట్టు మోగలేదని మల్లయ్య అంటున్నాడని చెప్పి, సారు ఏడో నంబరును అందుకుని మీట తిప్పాడు. సెట్టు ఒకసారి కిర్రుమని, పచ్చదీపం వెలిగించింది. సారు మీట నొక్కి హలో అన్నాడు. కానిస్టేబులు చేతిలోని ఇంకో సెట్టులో ఆ హలో స్పష్టంగా పలికింది.

ఎల్లేశం చూపు ఆ పచ్చదీపం మీదే ఆగింది. అది తనకు తెలిసిన సంగతే. పూర్తిగా చచ్చిన బ్యాటరీని నాలుగు గంటలు కదపకుండా ఉంచితే ఎక్కడినుంచో కాస్త సత్తువ కూడగట్టుకుంటుంది. పచ్చదీపం చూపిస్తుంది, ఒకటి రెండు మాటలు మోస్తుంది. ఆ తర్వాత మళ్లీ పోతుంది. తెలియనివాళ్లు చూస్తే నిండుగా ఉందనుకుంటారు.

సారు సెట్టును ఆపేసి, అతని వైపు తిరిగి, పొద్దున అన్నీ సరిగ్గా చూసే ఇచ్చావు కదా అని అడిగాడు.

"రూలు ప్రకారమే ఇచ్చిన సార్," అన్నాడు ఎల్లేశం.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. సారు తలూపి, ఆ సెట్టును ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయించాడు. మల్లయ్య ముందురోజు కల్లు తాగాడని ఎవరో అన్నారు. ఎవరో కాదు, అందరూ అన్నారు.

*

మర్నాడు ఖాజాగూడలో ఇంటినుంచి దవాఖానకు బయల్దేరుతుంటే భార్య భాగ్యమ్మ జావ గిన్నెకు మూత బిగించి, గుడ్డతో ముడివేసి ఇచ్చింది. ఇస్తూ, తాగి తాగి కట్టుకున్నదాని చెయ్యే తీశాడట, ఇక ఆ చేత్తో బువ్వెట్లా తింటాడో అంది. తాగాడని నువ్వు చూశావా అని ఎల్లేశం విసురుగా అడిగాడు. ఊళ్లో ఎవరి గురించి ఎవరేమన్నా పట్టించుకోని మనిషి అలా అడిగేసరికి ఆమె ముడిమీద చెయ్యి అలాగే ఉంచి, అతని మొహంలోకి చూసింది. అతను గిన్నె లాక్కుని బయటపడ్డాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. గిన్నె వేడి తొడకు తగులుతోంది. తను ఎందుకు వెళ్తున్నాడో దారంతా ఆలోచించాడు. చెప్పడానికి వెళ్తున్నాడా? ఎవరూ అడగకుండా చెప్పడం ఎలా? అడిగితే చెప్తాడు. తప్పకుండా చెప్తాడు. అడగాలి, అంతే. ఆ ఏర్పాటు తనతో తాను చేసుకున్నాక ఊపిరి కొంచెం తేలికపడింది, కండక్టరుకు నవ్వుతూ చిల్లర ఇచ్చాడు. ఎవరూ అడగరని లోపల ఏ మూలో నమ్మకం ఉండబట్టే ఆ నవ్వు వచ్చిందని మాత్రం అతనికి తట్టలేదు.

దవాఖాన మెట్ల కింద మల్లయ్య గొంతుక్కూర్చున్నాడు. చంద్రమ్మ లోపలికి రావద్దందట. ఎల్లేశం అతన్ని చూసి కూడా చూడనట్టు మెట్లెక్కాడు.

చంద్రమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. కుడి చెయ్యి మోచేతి దగ్గరే అయిపోయింది. ఆ చివర తెల్లటి గుడ్డ ఉండ. ఎడమచేత్తో జుట్టు ముడివేసుకోవడానికి తంటాలు పడుతోంది. జుట్టంతా పిడికిట్లోకి తీసుకుంటుంది, మెలి తిప్పుతుంది. అక్కడ రెండో చెయ్యి రావాలి. రాదు. మెలి విడిపోయి జుట్టు మొహం మీద పడుతుంది. మళ్లీ తీసుకుంటుంది. ఎల్లేశం నాలుగుసార్లు లెక్కపెట్టాడు. ఐదోసారి ఆమె వదిలేసి, అతన్ని చూసింది.

"కూసో ఎల్లన్నా," అంది. జుట్టు వెనక్కి తోసుకుని, "గా చెయ్యి ఏడ వారేసిన్రో అడిగితె ఎవ్వలు చెప్తలేరు," అంది.

అతను గిన్నె ముడి విప్పాడు. చెంచా తేలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పక్కమంచం ముసలామె దగ్గర అడిగి తెచ్చి, చంద్రమ్మ ఎడమచేతికి ఇచ్చాడు. ఆమె చెంచాను పిడికిలితో పట్టుకుంది, గరిటెను పట్టుకున్నట్టు. జావ గడ్డం మీదికి కారింది. తుడుచుకోవాలంటే చెంచా కింద పెట్టాలి. చెంచా కింద పెట్టి, తుడుచుకుని, మళ్లీ తీసుకుంది.

"ఎల్లన్నా, నువ్వు పొద్దుగాల్ల జూసినవ్ గదా వాన్ని. నిజం చెప్పు. తాగి ఉండెనా?"

అడిగింది. బస్సులో చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఇప్పుడు చెప్పాలి. ఎల్లేశం నోరు తెరిచాడు. మాట బయటికి వచ్చేదాకా అది ఏ మాటో అతనికే తెలియదు.

"నేను సరిగ జూడలే. సెట్టిచ్చిన, గంతే."

ఆమె చెంచాను గిన్నెలో పెట్టేసింది. పదమూడేళ్ల కాపురంలో పనిలో ఉండగా అతను తాగలేదని, తాగినా నవ్వుతాడు తప్ప ఒళ్లు మరచిపోడని మెల్లగా చెప్పుకుంది. తనకు తాను సాక్ష్యం చెప్పుకుంటున్నట్టుంది. ఆ మీదట గొంతు గట్టిపడింది.

"గని అందరు గదే అంటున్నరు. సెట్టు మంచిగనే ఉన్నదట. ఇగ నేను ఏంది నమ్మాలె? వాని మొఖం జూస్తె గా ప్లాట్‌ఫారం మీదికొచ్చినట్టే ఐతున్నది."

ఎల్లేశం గిన్నె కడిగి తెచ్చి, మళ్లీ గుడ్డలో కట్టుకున్నాడు. పోయేటప్పుడు రెండో వైపు మెట్లమీదుగా దిగాడు. అటువైపు మెట్లు ఉన్నాయని అంతకుముందు అతనికి తెలియదు, వెతుక్కున్నాడు.

*

గురువారం భోజనాల వేళ మల్లయ్య చార్జింగు గదికి వచ్చాడు. మామూలుగానైతే గడపదాటి వచ్చి, బోర్లించిన బకెట్టు మీద కూర్చునేవాడు. ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డాడు. పనిలోంచి తీసేశారు కాబట్టి లోపలికి రావచ్చో లేదో తెలియనట్టుంది. ఎల్లేశం తలెత్తకుండా బ్యాటరీ కొసలను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

రేపు లేబరాఫీసు నుంచి ఆఫీసరు వస్తాడని మల్లయ్య చెప్పాడు. తాగి ఉన్నానని కాయితం మీద వేలు పెడితే దవాఖాన సంగతి కంపెనీ చూసుకుంటుందని, కేసు కూడా చిన్నదిగా రాయిస్తానని రామాంజనేయులు సారు అన్నాడట. కోపంగా కాదు, భుజం మీద చెయ్యి వేసి అన్నాడట. ఎల్లేశానికి ఆ చెయ్యి తెలుసు. తన భుజం మీదా పడిన చెయ్యే.

"తాగినవా మరి?" అన్నాడు, చూపు బ్యాటరీ మీదే ఉంచి.

"ముందట్రోజు మాపటికి రెండు సీసాలు తాగిన. తెల్లారేటాల్లకు దిగిందనుకున్న. దిగలేదేమోనన్నా."

"సెట్టు పలికిందా?"

"నాకైతె ఇనరాలే. గని సారు నా ముంగటనే ఏసి చూపెట్టిండు గద. మంచిగ పలికింది. అంటె తప్పు నా చెవులదే గదా." మల్లయ్య చెవిని రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. "మొన్నటి సంది ఎవలన్న పిలుస్తున్నరా, నాకు ఇనవడ్తలేదా అని ఎనకకు తిరిగి తిరిగి చూస్కుంట నడుస్తున్న. దవాఖానల చంద్రమ్మ గిట్ల పిలిచిందేమో, నేనే ఇనలేదేమో అనుకుంట మెట్ల కింద కూసుంటున్న."

పై అరలో సెట్లు బుస కొడుతున్నాయి. ఎల్లేశం చేతిలో గుడ్డ ఆగింది. కూత సంగతి ఇతనికి గుర్తులేదా? గుర్తులేకపోతే మంచిదేనా? అడగకుండా ఉండలేకపోయాడు. ఆ పొద్దున అది కూత పెట్టిందన్నావు కదా అన్నాడు, తన గొంతు తనకే పరాయిగా వినబడుతుండగా.

"వెట్టింది. గని జీవమున్నదని నువ్వన్నవ్ గదనే. నీకంటె ఎవలకెరుక?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉందేమోనని ఎల్లేశం అతని మొహమంతా వెతికాడు. లేదు. మల్లయ్య ఇంకాసేపు నిలబడి, పనిలేని మనిషి వెళ్లినట్టు మెల్లగా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఎల్లేశం అన్నీ ఒక వరసలో పెట్టుకోవడానికి చూశాడు. రూలు తనది కాదు, సారుది. తాడుకు రంగు వెయ్యనిది తను కాదు, మేస్త్రీ. అన్నీ నిజాలే. ఒక్కోటీ గట్టిగా నిలబడుతోంది. నోరు విప్పితే, కట్టడం పూర్తయ్యాక కరెంటు గదిలో ఇప్పిస్తానని సారు అన్న పక్కా నౌకరీ పోతుంది. అదీ నిజమే. కానీ తనకు భయం నౌకరీ గురించి కాదని నడుస్తూ నడుస్తూ అతనికే అర్థమైంది. నౌకరీ కోసం అబద్ధమాడేవాళ్లను అతను చూశాడు; వాళ్లకు ఇంత చల్లగా ఉండదు లోపల.

ఖాజాగూడ చెరువు మలుపులో బండల దగ్గర ఆగాడు. ఆ పొద్దున చార్జరులో రెండు నిండు బ్యాటరీలు ఉన్నాయి. రెండో నంబరు, పదకొండో నంబరు. చెయ్యి చాపితే అందేవి. మల్లయ్య అడిగినప్పుడు తన కళ్లు వాటిమీదికి పోయి వచ్చాయి కూడా. ఇచ్చి ఉంటే ఏడో నంబరు కొస ప్రాణంతో మిగిలిపోయేది. దాన్ని అరలో పెట్టి చంపాలి. అరలో ఆ రోజు చోటు లేదు. ఇంకొక్క నెల గడిస్తే బ్యాటరీలకు ఏడాది నిండుతుంది, నిండగానే అతని పేరు రాసి బొంబాయికి ఉత్తరం పంపుతానని సారు అన్నాడు. తన పేరు. ఒక్క ముక్క ఇనుముకు సత్తువ తగ్గకుండా చూడాలని ఒక మనిషిని వట్టి చేతులతో పంపించాడు. ఆ మాట లోపల ఎవరో పైకి చదివినట్టుగా వినబడింది. దాని చుట్టూ పెట్టడానికి రూలుగానీ సారుగానీ మేస్త్రీగానీ మిగల్లేదు.

ఇంటికి వెళ్లి, భాగ్యమ్మ పెట్టిన రొట్టె ముందు కూర్చుని, ఎడమచేత్తో తుంచడానికి ప్రయత్నించాడు. రొట్టె జారి పళ్లెం అవతల పడింది. ఆమె దాన్ని తీసి మళ్లీ పళ్లెంలో పెట్టింది.

*

శుక్రవారం పదకొండింటికి ఆఫీసరు వచ్చాడు. పెద్దాయన, ఎండకు మొహం ఎర్రబడి ఉంది. సైటాఫీసు రేకుల షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుని, మంచినీళ్లు తాగి కాయితాలు తీశాడు. అతనికి ఇంకా రెండు సైట్లు చూడాల్సి ఉందట. మేస్త్రీ చెప్పింది రాసుకున్నాడు. లిఫ్టు కొలతలు రాసుకున్నాడు. మల్లయ్య గోడవార నిలబడ్డాడు, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాతో. ఎల్లేశం గుమ్మం పక్కన.

రాత్రి నిద్రలేకుండా అతనొక నిర్ణయానికి వచ్చాడు. ఏమీ మాట్లాడడు. సెట్టు మూడు రోజులుగా బీరువాలో పడుంది, కూడగట్టుకున్న ఆ కాస్త సత్తువా ఆనాటి హలోకే పోయి ఉంటుంది; ఇవాళ దీపం వెలగకపోతే వాళ్లకే తెలుస్తుంది. తన నోటితో చెప్పక్కర్లేకుండా అదే చెప్తుంది. ఆ ఆశతోనే నిలబడ్డాడు.

రామాంజనేయులు సారు బీరువా తెరిచి ఏడో నంబరును బల్లమీద పెట్టి, మీట తిప్పాడు. కిర్రుమంది. పచ్చదీపం.

సారు నొక్కి, "హలో, వినబడుతోందాండీ?" అని వదిలేశాడు. బల్ల అవతల ఆఫీసరు చేతిలోని సెట్టులో ఆ మాట తుచ తప్పకుండా పలికింది.

"చూశారు కదండీ. ఆ రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. నిక్షేపంగా ఉంది."

ఆఫీసరు రాసుకున్నాడు. రాస్తూనే, బ్యాటరీలు చూసేది నువ్వేనా అని ఎల్లేశాన్ని అడిగాడు. నేనే సార్ అన్నాడు. ఆ పొద్దున చార్జింగు ఉందా అని అడుగుతుంటే సారే అందుకుని, ఇతని చేతిలో పడ్డాక ఒక్క బ్యాటరీ పాడవలేదని, పదకొండు నెలలని, ఇలాంటి మనిషి దొరకడం తమ అదృష్టమని చెప్పాడు. ఆ మాటల్లో కపటం లేదు. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు. ఆఫీసరు మెచ్చుకోలుగా తలూపి, ఇంకు ప్యాడు మూత తీశాడు.

మల్లయ్య ముందుకొచ్చాడు. బొటనవేలిని ప్యాడు మీద అదిమి, ఎత్తి, ఏ చోట పెట్టాలన్నట్టు ఆఫీసరు మొహంలోకి చూశాడు. ఆఫీసరు చోటు చూపించాడు. వెనకనుంచి ఎవరో పిలిచినట్టు మల్లయ్య ఒక్కసారి తల తిప్పి చూశాడు. ఎవరూ పిలవలేదు.

"జరసేపు సార్," అన్నాడు ఎల్లేశం.

బల్లదాకా నాలుగడుగులు. ఏడో నంబరును చేతిలోకి తీసుకున్నాడు. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కాడు. పచ్చ పోయి, మాట్లాడేటప్పుడు వెలిగే ఎరుపు వచ్చింది. మాట్లాడకుండా అలాగే నొక్కి పట్టాడు. ఆఫీసరు చేతిలోని సెట్టు నిశ్శబ్దంగా వింటోంది. ఫ్యాను చప్పుడు దాంట్లోంచి కొంచెం ఆలస్యంగా వినబడుతోంది.

"ఇప్పుడే చూశాం కదయ్యా," అన్నాడు రామాంజనేయులు సారు నవ్వుతూ. "వదిలెయ్. అనవసరంగా బ్యాటరీ తినేస్తావు."

ఎల్లేశం వదల్లేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మల్లయ్య నీలంరంగు వేలు కాయితానికి బెత్తెడు పైన గాల్లో ఉంది.

"ఎల్లేశం," అన్నాడు సారు మళ్లీ. ఈసారి నవ్వు లేదు. ఆయన చూపు దీపం మీద పడింది.

ఎర్రదీపం ఒకసారి వణికింది. ఎల్లేశం వేలిని ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాడు.